‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’: ఒక పుస్తక విమర్శ

ప్రవేశిక

కెర్నల్ అంటే ఏమిటి, సిస్టమ్ కాల్ ఎలా పనిచేస్తుంది, యూజర్ ప్రోగ్రాముకూ కెర్నల్‌కూ మధ్య గీత ఎక్కడ ఉంది అనే విషయాలు గత యూనిట్లలో చదివారు. ఈ యూనిట్ కొంత భిన్నమైనది. డ్రైవర్లు రాయడం నేర్చుకుంటామనే ప్రతివారికీ ఎవరో ఒకరు సూచించే పుస్తకం ఒకటి ఉంది. అది ఏమి చెప్పింది, ఏమి వదిలేసింది, ఇప్పుడు దాన్ని ఎలా చదవాలి అనేది ఇక్కడ పరిశీలిస్తాం. సాంకేతిక గ్రంథానికి విమర్శ ఏమిటని మీకు అనిపించవచ్చు. నవలకు ఉన్నట్టే పాఠ్యగ్రంథానికీ విమర్శ ఉండాలి. దూరవిద్యలో చదివేవారికి అది ఇంకా అవసరం. తరగతి గదిలో గురువు పొరబడితే లేచి అడగవచ్చు. ఇంట్లో ఒంటరిగా చదువుతున్నప్పుడు పుస్తకం పొరబడితే అడగడానికి ఎవరూ ఉండరు.

ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఊరు అనంతపురం జిల్లా కంబదూరు. ఇంట్లో వేరుశనగ సాగు. డిగ్రీ దూరవిద్యలో చదువుతోంది. దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్, అందులో లినక్స్, ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, రెండు మూడు చవక సెన్సార్లు ఉన్నాయి. పొలంలో గాలి తేమ, మట్టి తేమ కొలవాలని ఆమె ఆలోచన. సెన్సారుకూ కంప్యూటరుకూ మధ్య ఉండే డ్రైవర్ ఎలా రాస్తారో తెలుసుకుందామని ఈ పుస్తకాన్ని దించుకుంది. రెండో అధ్యాయంలోని మొదటి చిన్న మాడ్యూల్ చక్కగా కంపైల్ అయింది. సంతోషంగా మూడో అధ్యాయానికి వెళ్లింది. అక్కడి ఉదాహరణను పుస్తకంతో వచ్చిన కోడ్ నుంచి కంపైల్ చేయబోతే తెర నిండా ఎర్రర్లు. తప్పు ఎక్కడుందో ఆమెకు తెలియదు. నూటికి తొంభై మంది లాగే తప్పు తనదే అనుకుంటుంది.

తప్పు ఆమెది కాదు. ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు మాత్రం అంత తేలిక కాదు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ జవాబు గురించే.

పుస్తకం, దాని కాలం

‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ను ఓరైలీ సంస్థ ప్రచురించింది. మొదటి ముద్రణ 1998లో వచ్చింది, రచయిత అలెసాండ్రో రుబీని. 2001లో వచ్చిన రెండో ముద్రణకు జొనాథన్ కార్బెట్ తోడయ్యారు. 2005లో వచ్చిన మూడో ముద్రణలో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మూడో రచయితగా చేరారు. ఇందులో పద్దెనిమిది అధ్యాయాలు ఉన్నాయి. ఇది ఆధారం చేసుకున్న కెర్నల్ 2.6.10, ఆ కెర్నల్ విడుదలైంది 2004 డిసెంబరు 24న. ఆ తర్వాత కెర్నల్ 3, 4, 5, 6 అంకెలు దాటింది. నాలుగో ముద్రణ మాత్రం రాలేదు. మూడో ముద్రణను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా ఇచ్చారు కనుక ఎవరైనా దించుకోవచ్చు, పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అనువదించుకోవచ్చు. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

డ్రైవర్ అంటే ఏమిటో ఒకసారి మననం చేసుకుందాం. ప్రింటరు, కీబోర్డు, నెట్‌వర్క్ కార్డు, సెన్సారు, ఏ పరికరమైనా దాని భాష దానిది. ఏ రిజిస్టరులో ఏ అంకె రాస్తే అది కదులుతుందో, ఎంతసేపు ఆగాలో, జవాబు ఎక్కడ చదవాలో దానికే ప్రత్యేకం. ఆ భాష తెలిసి, పైన ఉన్న ప్రోగ్రాములకు ‘తెరువు, చదువు, రాయి, మూయి’ అనే నాలుగు మాటల్లో అందించేదే డ్రైవర్. లినక్స్ కెర్నల్ కోడ్‌లో సగానికి పైగా డ్రైవర్లే. తప్పులు ఎక్కువగా ఉన్నదీ అక్కడే అని ఒకప్పుడు లెక్క తేలింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో, కెర్నల్‌లోని మిగతా భాగాలతో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు 3 నుంచి 7 రెట్ల దాకా ఉన్నట్టు తేలింది. డ్రైవర్‌లో తప్పు జరిగితే ఒక్క ప్రోగ్రాము ఆగదు, మొత్తం యంత్రమే పడిపోవచ్చు. అందుకే దీన్ని నేర్పే పుస్తకం మీద బరువు ఎక్కువ.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టుకకు కూడా ఒక డ్రైవరే కారణమని చెబుతారు. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు వచ్చిన లేజర్ ప్రింటరులో కాగితం ఇరుక్కుపోయేది. పాత ప్రింటరుకు చేసినట్టే, కాగితం ఇరుక్కుంటే అందరికీ తెలియజేసేలా సాఫ్ట్‌వేర్ మారుద్దామని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నారు. సోర్స్ కోడ్ ఇవ్వడానికి నిరాకరించారు. పరికరం మన బల్లమీద ఉన్నా దాని తాళంచెవి వేరొకరి జేబులో ఉంటే ఎలా ఉంటుందో ఆ సంఘటన చెబుతుంది. ఊళ్ళో సేవా కేంద్రంలో వేలిముద్ర యంత్రమో స్కానరో ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసిన మూసిన డ్రైవర్‌తో వచ్చి, సిస్టమ్ మార్చగానే పనికిరాకుండా పోయిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. అదీ ఇదీ ఒకే సమస్య.

లేని పరికరానికి డ్రైవర్

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన నిర్ణయం ‘స్కల్’. మూడో అధ్యాయంలో రచయితలు మొదటి నిజమైన డ్రైవర్ రాయిస్తారు, కానీ ఏ పరికరానికీ కాదు. కంప్యూటరు మెమరీలో కొంత భాగాన్నే ఒక పరికరంగా భావించి దానికి డ్రైవర్ రాయిస్తారు. అంటే పాఠం నేర్చుకోవడానికి విద్యార్థి ఏదీ కొనక్కర్లేదు. నగరంలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల వీధి పక్కనే ఉన్నవారికి ఇది చిన్న విషయం కావచ్చు. ఒక చిన్న చిప్ తెప్పించుకోవడానికి వారం ఎదురుచూసేవారికి కాదు.

స్కల్ మెమరీని ముక్కలుగా దాస్తుంది. ఒక్కో ముక్క 4000 బైట్లు, అలాంటి 1000 ముక్కలకు ఒక పట్టిక, పట్టికలన్నీ గొలుసుగా. ఇందులో వృథా ఉంది. ఒక్క బైటు రాసినా ఒక పూర్తి ముక్క, ఒక పూర్తి పట్టిక ఖర్చవుతాయి, అంటే 8000 లేదా 12000 బైట్లు. రచయితలు ఈ సంగతిని దాచరు. లెక్క కట్టి చూపి, ఈ పరిమాణం ఎంత ఉండాలనేది డ్రైవర్ నిర్ణయించాల్సింది కాదు, వాడేవారు నిర్ణయించాల్సింది అంటారు. తమ ఉదాహరణలోని లోపాన్నే పాఠంగా మలచడం మంచి గురువు లక్షణం.

అయిదో అధ్యాయానికి వచ్చేసరికి ఆ స్కల్‌లోనే ఒక తప్పు దాగి ఉందని బయటపెడతారు. రెండు ప్రాసెస్‌లు ఒకే సమయంలో ఒకే చోట రాయబోయాయి అనుకోండి. మొదటిది చూసింది, అక్కడ ముక్క లేదు. సరే, మెమరీ తెద్దామని వెళ్లింది. ఈలోగా రెండోదీ చూసింది, ముక్క లేదు. అదీ మెమరీ తేవడానికి వెళ్లింది. మొదటిది తెచ్చి పెట్టింది. రెండోది కూడా తెచ్చి దానిమీదే పెట్టింది. మొదటిది పెట్టిన మెమరీ ఎక్కడుందో ఇక ఎవరికీ తెలియదు.

నీళ్ల ట్యాంకరు దగ్గర ఇది చూసిందే. కుళాయి కింద ఎవరి బిందె లేదని చూసి మీరు ఇంటికి పరుగెత్తుతారు. అదే సమయంలో పక్కింటివారూ చూసి పరుగెత్తుతారు. మీరు బిందె పెట్టి పక్కకు తిరిగేలోగా వారు దాన్ని తోసి తమది పెడతారు. ట్యాంకరు దగ్గరైతే తోసిన బిందె అక్కడే దొర్లుతూ ఉంటుంది, కేకలేసి తెచ్చుకోవచ్చు. కెర్నల్‌లో తోసిన బిందె యంత్రం మళ్ళీ బూట్ అయ్యేదాకా దొరకదు. దీనికి మందు తాళం. చూడడం, తేవడం, పెట్టడం మూడూ ఒక్క పనిగా జరిగేదాకా రెండోవారిని ఆపడం. ఏ రకం తాళం ఎక్కడ వాడాలి, స్పిన్‌లాక్ పట్టుకొని ఉండగా ఎందుకు నిద్రపోకూడదు, రెండు తాళాలు తీసుకోవాలంటే ఎందుకు ఎప్పుడూ ఒకే వరుసలో తీసుకోవాలి అనేవి ఈ అధ్యాయంలో ఉన్నంత ఓపికగా మరోచోట చదవలేదు. ఫంక్షన్ల పేర్లు మారాయి, తర్కం మారలేదు. పద్దెనిమిది అధ్యాయాల్లో ఒక్కదాన్నే చదవడానికి సమయముంటే ఇదే చదవమంటాను.

పదును ఎవరు చూడాలి?

పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఒక సిద్ధాంతం పెడుతుంది. డ్రైవర్ సామర్థ్యాన్ని అందించాలి, ఆ సామర్థ్యాన్ని ఎలా వాడుకోవాలో శాసించకూడదు. మొదటిదాన్ని యంత్రాంగం అనీ రెండోదాన్ని విధానం అనీ పిలుద్దాం. చదివేటప్పుడు ఇది పొడి సూక్తిలా ఉంటుంది. మన పొలంలోకి తీసుకువస్తే అర్థమవుతుంది.

సగటున ఏడాదికి 550 మి.మీ. దగ్గర్లో మాత్రమే వాన కురిసే జిల్లా ఇది. తొలకరి పడ్డాక రైతు పొలంలోకి వెళ్లి, కాస్త లోతు నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కి చూస్తాడు. ఉండ కట్టిందా, వేళ్ల సందుల్లోంచి రాలిపోయిందా అనేదాన్ని బట్టి ‘పదును ఉంది’ అంటాడు, లేదా ‘ఇంకొక వాన పడాల’ అంటాడు. తొందరపడి వేస్తే విత్తనం ఖర్చు మట్టిలో పోతుంది. ఆలస్యమైతే కాయ ఊరే సమయానికి వానలు ఉండవు.

ఇప్పుడు మన విద్యార్థిని మట్టిలో ఒక తేమ సెన్సారు గుచ్చింది. అది వోల్టేజీ ఇస్తుంది. రాస్ప్‌బెర్రీ పై నేరుగా వోల్టేజీని కొలవలేదు. మధ్యలో ఏడీఎస్1115 అనే చిప్ పెట్టింది. నాలుగు చానళ్లలో వోల్టేజీ చదివి 16 బిట్ల అంకెగా మార్చి ఐ2సి అనే రెండు తీగల దారిలో పంపే చిప్ అది. దానికి కెర్నల్‌లో డ్రైవర్ ఇప్పటికే ఉంది. ఆ డ్రైవర్ ఇచ్చేది ముడి అంకె ఒకటి, దాన్ని మిల్లీవోల్టులుగా మార్చడానికి గుణకం ఒకటి. అంతే. ‘తేమ 40 శాతం’ అనదు, ‘విత్తు’ అనదు.

ఎందుకు అనదు? ఎర్ర నేలలో వచ్చే వోల్టేజీ వేరు, నల్లరేగడిలో వేరు. రాళ్లు కలిసిన గరప నేలలో సెన్సారు చుట్టూ గాలి మిగిలితే ఇంకా వేరు. అదే చిప్‌ను ఒకరు మట్టికి, మరొకరు బ్యాటరీకి, ఇంకొకరు ట్యాంకులో నీటి మట్టానికి తగిలిస్తారు. డ్రైవర్ ‘తేమ’ అని తీర్మానిస్తే మిగతా ఇద్దరికీ అది పనికిరాదు. అంకెను తేమగా మార్చే లెక్క పైన ఉండే ప్రోగ్రాములో ఉండాలి. ఆ తేమ పదునా కాదా అన్నది ఆ ప్రోగ్రాముకు కూడా తెలియదు, అది పిడికిట్లో మట్టి పట్టినవారికే తెలుసు. పుస్తకంలోని సిద్ధాంతం 2005లో ఎంత నిజమో ఈ చిప్ విషయంలోనూ అంతే నిజం.

అయితే రచయితలు గీసిన గీత కాగితం మీద ఉన్నంత తిన్నగా నేలమీద ఉండదు. డీహెచ్‌టీ11 అనే చవక ఉష్ణోగ్రత, తేమ సెన్సారునే చూడండి. దానికీ కెర్నల్‌లో డ్రైవర్ ఉంది. ఒకసారి చదివిన రీడింగును ఆ డ్రైవర్ రెండు సెకన్ల పాటు దాచుకుంటుంది. ఈలోగా మళ్ళీ అడిగితే పాతదే ఇస్తుంది. ఎంత పాత రీడింగు పనికివస్తుందనేది వాడేవారు నిర్ణయించాలి కదా, డ్రైవర్ ఎందుకు నిర్ణయించింది? సెన్సారే తరచుగా అడిగితే సరిగా జవాబివ్వలేదు, దానికి రెండు రీడింగుల మధ్య కనీసం ఒక సెకను విరామం కావాలి. ఆ పరిమితిని ప్రతి ప్రోగ్రాముకూ వదిలేస్తే అందరూ తప్పులు చేస్తారు. కనుక విధానంలా కనిపించేది కొంత యంత్రాంగంలోకి దిగింది. ఒక సెకనుకు బదులు రెండు ఎందుకు అంటే, అది ఆ డ్రైవర్ రాసిన మనిషి వివేకం. గీత ఎక్కడ వంగుతుందో, ఎందుకు వంగుతుందో చూపే ఇలాంటి నిజమైన పరికరం ఉదాహరణ ఒకటి మొదటి అధ్యాయంలో ఉండి ఉంటే ఆ సిద్ధాంతం ఉపదేశంగా మిగిలిపోయేది కాదు.

కోడ్ ఎందుకు కుళ్లింది?

ఇక ఎర్రర్ల సంగతి. 2.6.10 తర్వాత కెర్నల్ లోపలి ఫంక్షన్లు చాలా మారాయి. డ్రైవర్‌లోని ఫంక్షన్లను కెర్నల్‌కు అప్పగించే పట్టికలో ఐఓసీటీఎల్ అనే గడి ఉండేది. అది 2010లో వచ్చిన 2.6.36లో తీసేశారు, దాని బదులు తాళం బాధ్యత డ్రైవర్‌కే వదిలే మరో గడి వాడాలి. పుస్తకం తాళాలుగా వాడిన సెమాఫోర్‌ను సిద్ధం చేసే పాత మాక్రో పోయింది. ప్రాక్ ఫైళ్లు సృష్టించే పాత పద్ధతిని 2013లో వచ్చిన 3.10లో తీసేశారు. టైమర్ పెట్టే విధానం 2018 జనవరిలో వచ్చిన 4.15తో మారిపోయింది. మన విద్యార్థిని తెరమీద చూసిన ఎర్రర్లు ఇవే.

ఇలా మార్చడం కెర్నల్ రాసేవారి అజాగ్రత్త కాదు, వారి ప్రకటిత పద్ధతి. యూజర్ ప్రోగ్రాములకు ఇచ్చిన మాటను కెర్నల్ తప్పదు. ఇరవై ఏళ్ల నాటి ప్రోగ్రాము కూడా ఇవాళ నడవాలన్నది నియమం. కెర్నల్ లోపల ఒక భాగం మరో భాగంతో మాట్లాడే పద్ధతికి మాత్రం అలాంటి హామీ లేదు. ఈ వైఖరిని సమర్థిస్తూ కెర్నల్ పత్రాల్లో ఒక వ్యాసం ఉంది. దాని సారాంశం ఇది: లోపలి పద్ధతిని ఎప్పటికీ మార్చనని ఒట్టు పెట్టుకుంటే పాత తప్పులను దిద్దే దారి మూసుకుపోతుంది. నీ డ్రైవర్‌ను నీ దగ్గర దాచుకోకుండా కెర్నల్ లోపలికి చేర్చు. అప్పుడు పద్ధతి మార్చేవారే నీ డ్రైవర్‌ను కూడా మారుస్తారు.

ఆ వ్యాసం రాసింది ఈ పుస్తకం మూడో రచయిత క్రోవా-హార్ట్‌మనే. పుస్తకంలోని స్కల్ కెర్నల్ లోపల ఎన్నడూ లేదు, బయట విడిగా ఉంది. కనుక ఎవరూ దాన్ని మార్చలేదు, అది కుళ్లిపోయింది. అదే సమయంలో కెర్నల్ లోపల ఉన్న వేలాది డ్రైవర్లు, వాటిని రాసినవారు మరచిపోయినా, ప్రతి మార్పుతో పాటు మారుతూ వచ్చాయి. సహరచయిత వాదించినదానికి ఈ పుస్తకం పతనమే తిరుగులేని రుజువు. కొందరు స్వచ్ఛందంగా ఆ ఉదాహరణలను కొత్త కెర్నల్‌కు సరిచేసి అందరికీ అందుబాటులో ఉంచారు. మన విద్యార్థినికి ఈ ఒక్క మాట పుస్తకం మొదటి పేజీలో ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఆ సాయంత్రం ఆమె తనను తాను నిందించుకోనక్కర్లేకపోయేది. కాగితం మీద అచ్చయిన పుస్తకానికి ఆ పని చేతకాదని ఒప్పుకుంటాను. ఉచితంగా దించుకునే ప్రతికి చేతనవుతుంది.

ఇక్కడ కెర్నల్ వైఖరినీ కొంత ప్రశ్నించాలి. ‘లోపలికి తెచ్చేయ్’ అనడం ఇంగ్లిష్‌లో ధారాళంగా రాయగలిగినవారికి, సమీక్షకుల కటువు మాటలను తట్టుకోగలిగినవారికి తేలిక. మొదటి డ్రైవర్ రాసే విద్యార్థికి అది పెద్ద గడప. పుస్తకం ఆ గడప గురించి మొదటి అధ్యాయం చివర కొద్ది వాక్యాల్లో చెప్పి ముందుకు సాగిపోతుంది. అయిదు వందల పేజీలు దాటిన గ్రంథంలో దీనికి ఒక అధ్యాయం కేటాయించి ఉండవలసింది. డ్రైవర్ రాయడంలో సగం పని దాన్ని ఇతరులు ఒప్పుకునేలా చేయడమే.

అడంగల్ లేని ఊరు

కాలం మార్చినదాన్ని సరిచేసుకోవచ్చు. అసలు లేనిదాన్ని ఏం చేయాలి? ఈ పుస్తకం ఎదురుగా పెట్టుకున్న యంత్రం ఆనాటి బల్లమీది కంప్యూటరు. తొమ్మిది, పది అధ్యాయాల్లో హార్డ్‌వేర్‌తో మాట్లాడడానికి, ఇంటరప్ట్ తెప్పించడానికి ప్యారలల్ పోర్టు వాడారు. తొమ్మిదో పిన్నునూ పదో పిన్నునూ ఒక తీగతో కలిపితే ఇంటరప్ట్ వస్తుంది. ముచ్చటైన ప్రయోగం. కానీ ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ పోర్టే లేదు.

అంతకన్నా పెద్ద లోటు వేరే ఉంది. పీసీఐ కార్డు, యూఎస్‌బీ పరికరం తగిలించగానే తామెవరో తామే చెప్పుకుంటాయి. తయారీదారు సంఖ్య ఇది, నా సంఖ్య ఇది అంటాయి. కెర్నల్ తగిన డ్రైవర్‌ను పిలుస్తుంది. పుస్తకం ఈ రెంటికీ చెరొక అధ్యాయం ఇచ్చింది, బాగా రాసింది. ఐ2సి తీగల మీద కూర్చున్న చిప్ అలా చెప్పుకోదు. పెళ్ళింటికి వచ్చి ఎవరి తరఫో చెప్పకుండా మూల కూర్చున్న చుట్టంలాంటిది. దాన్ని ఎవరో ఒకరు పరిచయం చేయాలి. చిన్న బోర్డుల్లో, ఫోన్లలో, రౌటర్లలో ఉన్న చిప్‌లు ఎక్కువగా ఇలాంటివే.

ఆ పరిచయం చేసే పత్రం పేరు డివైస్ ట్రీ. మన రెవెన్యూ అడంగల్ గుర్తు చేసుకోండి. ఏ సర్వే నంబరులో ఎంత భూమి, ఎవరి సాగు, ఏ పంట, నీళ్లు ఎక్కడివి అని అందులో ఉంటుంది. డివైస్ ట్రీలో ఏ చిరునామాలో ఏ చిప్, దాని ఇంటరప్ట్ ఏ తీగమీద వస్తుంది, కరెంటు ఎక్కడిది అని ఉంటుంది. కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు దాన్ని చదివి, ఏ డ్రైవర్‌ను ఎక్కడ నిలబెట్టాలో తెలుసుకుంటుంది. అడంగల్‌లో తప్పుంటే నిజమైన రైతు పొలంలో ఉన్నా లెక్కలో లేనట్టే. డివైస్ ట్రీలో చిరునామా తప్పుంటే చిప్ తీగమీద ఉన్నా కెర్నల్‌కు లేనట్టే. 2011 తర్వాత ఏఆర్ఎం బోర్డులు ఈ పద్ధతికి మారాయి. రాస్ప్‌బెర్రీ పై మీద పనిచేసేవారు మొదటి రోజే దీన్ని ఎదుర్కొంటారు. పుస్తకంలో ఐ2సి, ఎస్‌పీఐలకు అధ్యాయాలు లేవు. సెన్సార్ల కోసం తర్వాత కెర్నల్‌లో ఏర్పడిన ఐఐఓ వ్యవస్థ అప్పటికి పుట్టలేదు.

దీనికి రచయితలను తప్పుపట్టలేం. తప్పుపట్టవలసింది, ఈ పుస్తకాన్ని ఇప్పటికీ ఏ హెచ్చరికా లేకుండా పాఠ్యప్రణాళికల్లో పెట్టే మనలాంటివారిని.

తెలుగులో ఎక్కడ ఆగాం?

ఈ పుస్తకాన్ని అనువదించుకోవడానికి 2005 నుంచీ అనుమతి ఉంది. కెర్నల్ సొంత పత్రాలకు చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ అనువాదాలు కెర్నల్ సోర్స్‌లోనే ఉన్నాయి. తెలుగు లేదు. తెలుగువారు ఈ రంగంలో పనిచేయలేదని కాదు. హైదరాబాదు కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా తెలుగులో కనిపిస్తుంది. ఆ కృషి తక్కువది కాదు. అయితే అది మెనూల దగ్గర, కిటికీల దగ్గర ఆగింది. తెరమీది మాట తెలుగైంది, తెర కింది విద్య ఇంగ్లిష్‌లోనే ఉండిపోయింది. వాడేవారికి తెలుగు చాలు, తయారుచేసేవారికి అక్కర్లేదు అన్నట్టుగా.

అనువదిస్తే పదాల చిక్కు ఉంటుంది. ఇంటరప్ట్‌ను ‘అంతరాయం’ అంటే అదేదో ఆటంకంలా వినిపిస్తుంది. నిజానికి అది తలుపు తట్టడం, పరికరం తన పని అయిందని పిలవడం. డ్రైవర్‌ను ‘చోదకం’ అనవచ్చు గాని, బస్సు నడిపేవారినే డ్రైవర్ అంటున్న ఊళ్లో దాన్ని మళ్ళీ విప్పి చెప్పాల్సి వస్తుంది. ఈ యూనిట్లో వాడుక పదాలనే ఉంచాను. వివరణ తెలుగులో ఉంటే చాలు, పేరు ఎక్కడిదైనా ఫర్వాలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు చదివే పద్ధతి

ఒకటి, రెండు, అయిదు, ఏడు, పది అధ్యాయాలను భావాల కోసం చదవండి. మిగతావాటిలో కావలసినవి వెతుక్కోండి. పుస్తకంలోని కోడ్‌ను కంపైల్ చేయాలని పట్టుపట్టకండి. దానికి బదులు కెర్నల్ లోపల ఉన్న ఒక చిన్న డ్రైవర్‌ను పక్కన పెట్టుకోండి. నేను సూచించేది పైన చెప్పిన డీహెచ్‌టీ11 డ్రైవరే. కొన్ని వందల వరుసలకు మించదు.

ఆ సెన్సారుకు ఉన్నది ఒకే ఒక డేటా తీగ. కెర్నల్ ఆ తీగను 18 మిల్లీసెకన్లకు పైగా కిందికి లాగి పట్టుకుంటే సెన్సారు మేలుకుంటుంది. 80 మైక్రోసెకన్లు కింద, 80 మైక్రోసెకన్లు పైన అని జవాబిస్తుంది. ఆ తర్వాత 40 బిట్లు పంపుతుంది. ప్రతి బిట్‌కూ ముందు తీగ 50 మైక్రోసెకన్లు కింద ఉంటుంది. తర్వాత 26 నుంచి 28 మైక్రోసెకన్లు పైన ఉంటే అది సున్నా, 70 ఉంటే ఒకటి. అంటే సున్నాకూ ఒకటికీ తేడా సెకనులో లక్షకు నాలుగైదు వంతులు. డ్రైవర్ ఊరికే కళ్లప్పగించి చూడదు. తీగ పైకి కిందికి మారిన ప్రతిసారీ ఇంటరప్ట్ వస్తుంది, ఆ క్షణాన్ని రాసిపెట్టుకుంటుంది. అలా 84 మార్పులు వస్తాయి, చివరిదానికి అర్థం లేదు కనుక 83 మాత్రమే దాస్తుంది. అన్నీ వచ్చాక తీరికగా కూర్చొని, ఎంతసేపు పైన ఉందో లెక్కగట్టి బిట్లుగా మారుస్తుంది. పదో అధ్యాయం చెప్పే సూత్రం, ఇంటరప్ట్ వచ్చినప్పుడు అతి తక్కువ పని చేసి మిగతాది తర్వాతకు వదలమన్నది, ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది.

ఆ సమయంలో కెర్నల్ వేరే పనిలో ఉండి ఒక ఇంటరప్ట్ ఆలస్యమైతే? గడియారం తప్పు చదువుతుంది, సున్నా ఒకటవుతుంది. అందుకే సెన్సారు అయిదో బైటులో మొదటి నాలుగింటి మొత్తాన్ని పంపుతుంది. లెక్క కుదరకపోతే డ్రైవర్ రీడింగు ఇవ్వదు, ఎర్రర్ ఇస్తుంది. అబద్ధపు అంకె ఇవ్వడం కన్నా అదే మేలు.

అభ్యాసం: ఈ డ్రైవర్ సోర్స్‌ను తెరిచి, 18 మిల్లీసెకన్ల నిరీక్షణ ఎక్కడుందో, ఇంటరప్ట్ ఫంక్షన్ ఏయే పనులు చేస్తుందో, తాళం ఎక్కడ తీసుకొని ఎక్కడ వదులుతుందో గుర్తించండి. తాళం లేకపోతే రెండు ప్రోగ్రాములు ఒకేసారి రీడింగు అడిగినప్పుడు ఏం జరుగుతుందో అయిదో అధ్యాయం ఆధారంగా ఒక పేజీలో రాయండి. సెన్సారు దగ్గర ఉన్నవారు ఫలితాన్ని చదివి చూడండి. 28 డిగ్రీలను 28000 అని చూపితే కంగారుపడకండి, అది మిల్లీడిగ్రీల లెక్క. డీహెచ్‌టీ11 కొలవగలిగే తేమ 20 శాతం నుంచి 90 శాతం వరకే. కనుక ఏప్రిల్ మధ్యాహ్నం ఆరుబయట అది చూపే అంకెను నమ్మవచ్చా, నమ్మకూడదని ప్రోగ్రాము ఎలా కనిపెట్టాలి, ఆ తనిఖీ డ్రైవర్‌లో ఉండాలా పైన ఉండాలా అనేది కూడా చర్చించండి. మొదటి ప్రయత్నంలో ఎర్రర్ వస్తే రెండు సెకన్లు ఆగి మళ్ళీ అడగండి.